చివర సున్నా పెడితే కోపమొచ్చినట్టా?

జపనీస్ వాక్యం చివర పెట్టేది చుక్క కాదు. లోపల ఖాళీగా, గుండ్రంగా, అచ్చం మన సున్నాలా ఉంటుంది. కాకపోతే బాగా చిన్నది, తనకిచ్చిన గడిలో కింద ఎడమ మూలకి ఒదిగి కూర్చుంటుంది. భాష నేర్చుకునే కొత్తలో నా తెలుగు కన్ను ఊరుకునేది కాదు. 'దెసు' అని ముగిసే ప్రతి వాక్యాన్నీ మనసులో 'దెసుం' అని చదివేసేవాణ్ణి. వాళ్లు దాన్ని వాడుకలో 'మారు' అంటారు, గుండ్రం అని అర్థం.

ఆ సున్నాతో ఒకసారి ఒక కుర్రాడికి టెన్షన్ పెట్టాను. నాలుగేళ్లు కవాసాకిలో ఉద్యోగం చేసి హైదరాబాద్ వచ్చేశాక కూడా నా పని వాళ్లతోనే. జపనీస్, చైనీస్ తెరల మీద అక్షరాలు సరిగ్గా కనపడుతున్నాయా లేదా చూడటం. 2024 మొదట్లో ఒసాకాలో ఉండే ఒక జూనియర్‌కి చాట్‌లో రెండు ముక్కలు పంపాను. అర్థమైంది, రేపు చూస్తాను, అంతే. రెండింటి చివరా బుద్ధిగా మారు పెట్టాను. పది నిమిషాలకి ఫోన్. నా పనిలో ఏమైనా తప్పు దొర్లిందా అని అడుగుతున్నాడు. గొంతు పీలగా ఉంది. లేదయ్యా, బాగానే చేశావు కదా అంటే కాసేపు ఆగి, "మరి మారు పెట్టారు కదా" అన్నాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే జపాన్ టీవీల్లో, పేపర్లలో ఇదే గొడవ నడుస్తోందని తర్వాత తెలిసింది. దానికో పేరు కూడా పెట్టేశారు, 'మారుహరా' అని. హరాస్‌మెంట్‌లో ముందు ముక్క తెచ్చి మారుకి అతికించారు. పెద్దవాళ్లు లైన్ యాప్‌లో పంపే మెసేజ్‌ల చివర ఆ సున్నా చూస్తే కుర్రకారుకి కటువుగా, మొహం మీద తలుపేసినట్టు అనిపిస్తుందట. నవ్వొస్తుంది గానీ అందులో లెక్క ఉంది. చాట్‌లో ఒక్కో మాటా ఒక్కో బుడగలో వస్తుంది. బుడగ అయిపోయిందంటే వాక్యం అయిపోయినట్టే. ఇక విడిగా ముగింపు గుర్తు అక్కర్లేదు. అక్కర్లేని చోట పెట్టాడంటే దానికి ఇంకేదో అర్థం ఉండాలి కదా అని అవతలివాడు వెతుక్కుంటాడు. మా అన్నయ్య కొడుకు కూడా ఇదే మాటన్నాడు: "బాబాయ్, నువ్వు 'సరే' అని పెట్టి చుక్క పెడితే, ఫీజు అడిగినప్పుడు నాన్న మొహంలా ఉంటుంది."

ఆ గొడవ మధ్యలో తవరా మాచి అనే కవయిత్రి తన్కా అనే చిన్న జపనీస్ పద్యం ఒకటి రాసి పోస్ట్ చేసింది. జపనీస్ వాక్యం ఎప్పుడూ ఇంటూ గుర్తుతో కాకుండా గుండ్రంతోనే ముగుస్తుందని, అందులో ఒక మంచితనం ఉందని ఆవిడ భావం. ఇది మనకి వెంటనే ఎక్కదు. మన బళ్లో సున్నా అంటే మార్కులు రాలేదని. వాళ్ల బళ్లో పంతులమ్మ ఎర్రపెన్నుతో సున్నా చుట్టిందంటే జవాబు ఒప్పని.

జపనీస్, చైనీస్ చుక్కలతో పదిహేనేళ్లు కుస్తీ పట్టాక నాకు గట్టిపడిన అభిప్రాయం ఒకటుంది. విరామ చిహ్నాలు వ్యాకరణం కంటే ముందు మర్యాదకి సంబంధించిన వ్యవహారం. వాక్యాన్ని విరవడం ఎవరి పని, రాసేవాడిదా, చదివేవాడిదా? అసలు తగువు అక్కడుంది. ఎవరి పని ఎవరు చేస్తే ఎవరికి చిన్నతనం అన్న లెక్క మారినప్పుడల్లా అక్కడ చుక్కలు వచ్చాయి, పోయాయి, చోటు మారాయి. మనం మాత్రం వీటిని ఏడో తరగతి ఇంగ్లీషు గ్రామర్‌లో ఒక పాఠంగా నేర్చుకుని తెలుగు మీద చల్లేశాం. అందుకే మన చుక్కలు మనకి ఇప్పటికీ అతుకులాగే ఉన్నాయి.

మారు పెట్టడం అమర్యాద అన్నది కుర్రాళ్లు కొత్తగా కనిపెట్టింది కాదు. కవాసాకిలో మాకు వార్డు హాల్లో శనివారాలు ఉచితంగా జపనీస్ నేర్పిన సెన్సెయ్ ఒకావిడ ఉండేది. అప్పటికే డెబ్భై దాటిన మనిషి. అక్కడ నా మొదటి జనవరికి ఆవిడకి నెన్‌గాజో రాశాను. మన గ్రీటింగ్ కార్డు లాంటిదే, పోస్టులో వెళ్తుంది. నాలుగు వాక్యాలు, నాలుగు మారులు, మధ్యలో కామాలు. ఒక్క తప్పు లేకుండా రాశానని నాకు గర్వం. తర్వాతి శనివారం నన్ను పక్కకి పిలిచి, ముందు చాలా బాగా రాశావని మెచ్చుకుని, అప్పుడు నెమ్మదిగా చెప్పింది. కొత్త సంవత్సరం కార్డులో మారులు పెట్టరు. పెళ్లి పిలుపుల్లోనూ పెట్టరు. శుభం పలికే చోట 'అయిపోయింది' అనే గుర్తు దేనికి? ఇది ఒక కారణం. ఇలాంటివి మనకీ ఉన్నాయి కాబట్టి తలూపాను. వెళ్లేటప్పుడు 'వెళ్లొస్తాను' అంటాం గానీ 'వెళ్తున్నాను' అనం కదా.

రెండో కారణం నన్ను పట్టుకుంది. చుక్కలు పూర్వం పిల్లల కోసం పెట్టేవాళ్లట. చదువుకున్న పెద్దలకి రాసేటప్పుడు చుక్కలు పెట్టి పంపితే, 'మీకు విరుచుకుని చదవడం రాదేమోనని నేనే విరిచి పెట్టాను' అన్నట్టు ఉంటుంది. ఎదిగిన మనిషికి అన్నం కలిపి ముద్దలు చేసి కంచంలో పెట్టినట్టన్నమాట. ఆ ఏడాది కోర్సు అయ్యాక మాకు తలా ఒక సర్టిఫికెట్ ఇచ్చారు. ఇంటికెళ్లి తీసి చూస్తే అందులో ఒక్క కామా లేదు, ఒక్క మారు లేదు. ఊపిరి తీసుకోవాల్సిన చోట కాస్త ఖాళీ, లేకపోతే కొత్త లైను. అక్కడ సన్మాన పత్రాలూ సర్టిఫికెట్లూ సంప్రదాయంగా అలాగే రాస్తారు. ఐదో క్లాసు స్థాయి జపనీస్ మాత్రమే వచ్చిన నన్ను ఆ కాగితం పండితుడిగా లెక్కగట్టింది.

ఈ మర్యాదకి వేరు చైనాలో ఉంది.

పాత చైనీస్ పుస్తకం తెరిస్తే అక్షరాలు పైనుంచి కిందకి, కుడి నుంచి ఎడమకి బారులు తీరి ఉంటాయి. మధ్యలో ఖాళీ లేదు, చుక్క లేదు. అలాగని విరామం అనే ఆలోచనే వాళ్లకి లేదనుకుంటే పొరపాటు. 'జూదౌ' అని దానికో మాట ఉంది. భావం పూర్తయ్యే చోటు 'జూ', మధ్యలో ఊపిరి తీసుకునే చోటు 'దౌ'. జపనీస్ వాళ్లు ఇప్పటికీ చుక్కనీ కామానీ కలిపి పిలిచే 'కుతోతెన్'లో 'కుతో' అంటే ఈ జంటే. కాకపోతే జూదౌ రాసేవాడి పని కాదు. చదివేవాడు తన ప్రతిలో తనే ఎర్రసిరాతో గుర్తులు పెట్టుకుంటాడు. 'లీజీ' అనే ప్రాచీన గ్రంథంలో చదువు మీద ఒక అధ్యాయం ఉంది. మొదటి ఏడాది గడిచాక విద్యార్థిని పరీక్షించేటప్పుడు చూడాల్సిందేమిటంటే, గ్రంథాన్ని విరవగలుగుతున్నాడా, వాడి మనసు ఎటు పోతోంది అని. విరవడం రావడమే మొదటి ఏడాది చదువు! హాన్ యూ (768–824) గురువుల గురించి రాస్తూ, పిల్లల చేత జూదౌ వల్లె వేయించే పంతుళ్లు వేరు, దారి చూపే గురువు వేరు అంటాడు. అంటే అది చిన్నపిల్లల స్థాయి విద్య. పెద్దయ్యాక కూడా రాలేదంటే తలవంపులు.

పాఠం కూడా చదివేవాణ్ణి మరీ గాలికి వదిలేయలేదు. 'యె' అనే అక్షరం తగిలిందంటే చాలాసార్లు వాక్యం ముగిసినట్టే. 'హు' వస్తే ప్రశ్న కావచ్చు. 'జాయ్' వస్తే ఆశ్చర్యం. మన 'కదా', 'సుమా', 'ట' లాంటి బుడిబుడి మాటలే అక్కడ చుక్కల పని చేశాయి.

అయినా తప్పు విరిస్తే ఏమవుతుంది? చైనాలో ప్రతి బడిపిల్లాడికీ తెలిసిన కథ ఒకటుంది. ఒకాయన ఇంటికి చుట్టం వచ్చి తిష్ఠ వేశాడు. బయట వాన. మొహం మీద పొమ్మనలేక ఇంటాయన ఒక కాగితం మీద పది అక్షరాలు రాసి పెట్టాడు: 'ష్యా యూ థ్యెన్ ల్యూ ఖ థ్యెన్ ల్యూ వో బు ల్యూ'. 'థ్యెన్' అంటే ఆకాశమూ అవుతుంది, రోజూ అవుతుంది. 'ల్యూ' అంటే ఉంచేసుకోవడం, ఆపడం. ఇంటాయన ఉద్దేశం: వాన పడుతోంది, ఆకాశం చుట్టాన్ని ఆపుతోంది, ఆకాశం ఆపినా నేను ఆపను. చుట్టం కాగితం తీసుకుని తనకి కావలసిన చోట విరిచాడు: వాన రోజు, చుట్టాన్ని ఆపుకునే రోజు, నన్ను ఆపుతారా ఆపరా? ఆపుతాం! హాయిగా కాళ్లు చాపుకుని పడుకున్నాడు.

ఇది నవ్వుకునే పది అక్షరాలు. నవ్వలేని పది అక్షరాలు కన్ఫ్యూషియస్ బోధనల్లో ఉన్నాయి, ఎనిమిదో భాగంలో. మామూలుగా విరిస్తే వచ్చే అర్థం: ప్రజలని ఒక దారిలో నడిపించవచ్చు, ఎందుకో వాళ్లకి తెలిసేలా చేయడం కుదరదు. రెండు వేల ఏళ్ల రాజరికానికి బాగా నచ్చే మాట. ఆధునిక కాలంలో కొందరు అవే అక్షరాలని ఇంకోలా విరిచారు: ప్రజలు సమర్థులైతే వాళ్ల దారిన పోనివ్వండి, కాకపోతే వాళ్లకి తెలియజెప్పండి. అక్షరం మారలేదు, ఒక్కటీ. కొత్తగా రెండు కామాలు పడ్డాయి, కన్ఫ్యూషియస్ ప్రజాస్వామ్యవాది అయిపోయాడు. రెండో విరుపు పాత చైనీస్ నుడికారానికి అంత సహజంగా అతకదని చాలామంది పండితులు అంటారు, నాకూ అదే నిజమనిపిస్తుంది. కానీ ఒక నాగరికత మొత్తం తన పెద్దమనిషి ఏమన్నాడో తేల్చుకోవడానికి కామాల చోటు కోసం తగువులాడటం చూస్తే ముచ్చటేస్తుంది.

గుర్తులే లేవని కూడా కాదు. పంతుళ్లు, విమర్శకులు తమకి నచ్చిన వాక్యాల పక్కన గుండ్రాలు చుట్టేవాళ్లు, చుక్కలు పెట్టేవాళ్లు. ఇప్పటికీ చైనీస్‌లో ఎవరి పనినైనా మెచ్చుకోవాలంటే 'ఖ చ్యువెన్ ఖ ద్యెన్' అంటారు, గుండ్రం చుట్టదగినది, చుక్క పెట్టదగినది అని. అప్పట్లో గుర్తు ఆగమని చెప్పడానికే కాదు, ఆహా అనడానికి కూడా.

ఇదంతా చదువుతుంటే నాకు మా తాతయ్య గుర్తొచ్చేవాడు. ఆయన దగ్గర అట్టలు ఊడిపోయిన పాత భాగవతం ఉండేది. వేసవి సెలవుల్లో పద్యం చదివించేవాడు. నేను గడగడా చదివేస్తే, "ముందు పదం విరుచుకోరా" అనేవాడు. "మావిడాకులు అని రాసుందనుకో. గుమ్మానికి కట్టుకుంటావా, కోర్టుకి పోతావా?" మన తాళపత్రాల్లోనూ మాటకీ మాటకీ మధ్య ఖాళీ ఉండేది కాదు. సంధులు కలిసిపోయి వరసగా పారే అక్షరాలని విరుచుకోవడం మనకీ చదివేవాడి పనే. అన్వయం కుదరని పద్యాలకి తాతయ్య పెన్సిల్‌తో మాటల నెత్తిన 1, 2, 3 అని అంకెలు వేసేవాడు, ఏది ముందు చదవాలో ఏది తర్వాతో తెలియడానికి. చాలా ఏళ్ల తర్వాత జపాన్‌లో పాత చైనీస్ పాఠాలని జపనీస్ వరసలో చదువుకోవడానికి పెట్టే గుర్తులు చూసి అదిరిపడ్డాను. చైనీస్‌లో క్రియ కర్మకి ముందొస్తుంది. జపనీస్‌లో, మనలాగే, చివరికొస్తుంది. అందుకని అక్షరాల పక్కన చిన్నగా ఒకటి, రెండు అని అంకెలు, వెనక్కి తిరగమని కొక్కెంలాంటి ఒక గుర్తు. బౌద్ధ భిక్షువులు వెయ్యేళ్ల కిందటే ఈ పద్ధతికి పునాది వేశారు. తాతయ్య పెన్సిలే.

సరే, ఇందాకటి నుంచి నేను చదివేవాడి కష్టాన్ని ఏదో గొప్ప కళలా చెబుతున్నట్టుంది. కాదు. ఆ కళ ఎవరికి అందింది అని కూడా అడగాలి. ఏళ్ల తరబడి కూర్చుని చదువుకునే తీరికా, పంతుల్ని పెట్టుకునే స్థోమతా ఉన్నవాళ్లకి. 1919లో హు షీ, ఛ్యెన్ ష్యువెన్‌తొంగ్, జౌ జ్వొరెన్ మొదలైన ఆరుగురు పండితులు చైనా విద్యాశాఖకి ఒక ప్రతిపాదన పెట్టారు, కొత్త విరామ చిహ్నాలని అమలు చేయండని. అందులో వాళ్లు చెప్పిన మొదటి మాటే ఇది: సామాన్యుడు వాక్యాన్ని విరుచుకోలేకపోతే పుస్తకాలూ పత్రికలూ వాడికి పనికిరావు, చదువు అందరికీ అందదు. ఈ విషయంలో నేను పూర్తిగా హు షీ పక్షం. 1920 ఫిబ్రవరిలో ప్రభుత్వం ఒప్పుకుని 12 గుర్తులని ప్రకటించింది. అదే ఏడాది షాంఘైలో యాదొంగ్ అనే ప్రచురణ సంస్థ ఒక పాత జనాదరణ నవలని కొత్త చుక్కలతో అచ్చు వేసింది. అంటే మూడు వేల ఏళ్ల రాత ఉన్న భాషకి అధికారికంగా కామా వచ్చి ఇంకా 110 ఏళ్లు కూడా కాలేదు.

అక్కడి నుంచి అసలు నాకు నచ్చే భాగం మొదలవుతుంది. వాళ్లు ఆ గుర్తులని ఇంగ్లీషు నుంచి ఎత్తుకొచ్చి అలాగే దించలేదు. కొలతలు తీసి, కత్తిరించి, తమకి కుట్టించుకున్నారు. ఇంగ్లీషు చుక్క అంతంత బరువైన అక్షరాల పక్కన దుమ్ములా ఉంటుందని కాబోలు, తమకి అలవాటున్న గుండ్రాన్నే పెట్టుకున్నారు. కామాని రెండు చేశారు. వాక్యంలో ముక్కల మధ్య ఒకటి. వంకాయలు, బెండకాయలు, దొండకాయలు అని జాబితా చెప్పేటప్పుడు ఇంకొకటి, నువ్వుగింజలా ఉంటుంది, పేరు 'దున్‌హావ్'. చైనీస్‌లో మాటల మధ్య ఖాళీ ఉండదు కాబట్టి ఆ తేడా కంటికి పెద్ద సాయం. వాళ్ల లిపిలో పెద్దక్షరాలూ చిన్నక్షరాలూ లేవు, మరి మనిషి పేరో ఊరి పేరో ఎలా తెలియాలి? 1920 జాబితాలో పేరు పక్కన గీత గీసే గుర్తు ఒకటి చేర్చారు. పుస్తకం పేరుకి అలల గీత. వాళ్ల అక్షరాలని ఇటాలిక్‌లోకి వంచితే చూడలేం. అందుకని ఇప్పుడు పుస్తకం పేరుకి రెండేసి కోణాల బ్రాకెట్లు వాడతారు. చైనా జాతీయ ప్రమాణం 2011లో సవరించినప్పుడు మొత్తం 17 రకాలు లెక్కతేలాయి. పేరు గీత మామూలు పుస్తకాల్లోంచి పోయింది గానీ, జొంగ్‌హువా ప్రచురణ సంస్థ 1958 నుంచి 1978 దాకా ఇరవై ఏళ్లు పండితులని కూర్చోబెట్టి చైనా 24 రాజవంశ చరిత్రలకి చుక్కలు పెట్టించినప్పుడు ఆ గీతలు కూడా గీయించింది. లేకపోతే ఎవరు సేనాపతో, ఏది కోటో తేలేది కాదు.

ఇప్పుడు మన వైపు చూడండి. మనకీ పెద్దక్షరాలు లేవు. 'ఆ ఇంటికి శాంతి వచ్చింది' అంటే కోడలు వచ్చిందో, గొడవలు తగ్గాయో వాక్యం చెప్పదు. మన ర, వ, గుడి, కొమ్ము ఇవన్నీ వంపులే. వాటిని ఇటాలిక్ చేస్తే పిచ్చి గాలికి పడిపోతున్న తాటిచెట్ల వరసలా ఉంటాయి. అయినా పేజీ డిజైన్ చేసేవాళ్లు ఇటాలిక్ బటన్ నొక్కుతూనే ఉంటారు. ఎందుకంటే ఇంగ్లీషులో అలా చేస్తారు కాబట్టి.

జపాన్ కథ ఇంకొంచెం గందరగోళం. అక్కడ ఒకేసారి తేల్చేయలేదు. 1906లో విద్యాశాఖ ఒక ముసాయిదా చేసింది, 1946లో ఇంకొకటి. 1952లో ప్రభుత్వ కాగితాలు అడ్డంగా రాసేటప్పుడు ఇంగ్లీషు తోక కామా వాడండి, చివర మాత్రం మారు పెట్టండి అని సూచన ఇచ్చారు. జనం వినలేదు. చాలా ఆఫీసులే వినలేదు, తమకి మామూలు కామా అయిన నువ్వుగింజనే వాడుకున్నారు. డెబ్భై ఏళ్లు గడిచాక 2022 జనవరిలో సర్కారు వారి సలహా మండలి, సరే, నువ్వుగింజే అసలు పద్ధతి, అని ఒప్పుకుంది. ఒక కామా విషయంలో డెబ్భై ఏళ్ల సత్యాగ్రహం.

జపనీస్‌లో ఆ నువ్వుగింజ లేకపోతే వచ్చే ప్రమాదానికి అందరూ చెప్పే ఉదాహరణ ఒకటుంది. పూర్తిగా హిరాగానాలో, అంటే పలికే ధ్వనిని మాత్రమే రాసే జపనీస్ అక్షరాల్లో, ఒక బోర్డు రాశారనుకోండి, 'కొకొదెహకిమొనొ ఒ నుఇదె కుదసాఇ' అని. 'కొకొదె' దగ్గర ఆగితే, ఇక్కడ చెప్పులు విప్పండి అని. 'హకిమొనొ' అంటే కాళ్లకి వేసుకునేది. 'కొకొదెహ' దాకా వెళ్లి ఆగితే, అక్కడి 'హ' అక్షరాన్ని 'వ' అని పలకాలి, అర్థం: ఇక్కడైతే కిమోనో విప్పండి. గుడి ముందు అలాంటి బోర్డు ఉంటే ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు. చైనీస్ అక్షరాలు కలిపి రాస్తే ఈ చిక్కు రాదు, మాట ఎక్కడ మొదలైందో అవే చెబుతాయి. అందుకే పెద్దల పుస్తకాల్లో మాటల మధ్య ఖాళీ ఉండదు, పసిపిల్లల పుస్తకాల్లో మాత్రం ఉంటుంది.

నా ఉద్యోగం నిలబడింది ఈ గుర్తుల చోటు మీదే. అక్కడ అక్షరం ఎంత చోటు తీసుకుంటుందో కామా కూడా అంతే చోటు తీసుకుంటుంది. బళ్లో వ్యాసం రాసే 400 గడుల కాగితంలో మారుకి ఒక గడి, కొక్కెంలాంటి కొటేషన్ గుర్తుకి ఒక గడి. దీనికి నియమాలున్నాయి: మారు గానీ కామా గానీ కొత్త వరస మొదట్లోకి రాకూడదు. వస్తే పై వరస చివరి గడిలోనే, అక్షరంతో పాటు ఇరికించాలి. తెరవాల్సిన కొక్కెం వరస చివర వేలాడకూడదు. దీన్ని 'కిన్‌సోకు' అంటారు, నిషేధ నియమం అని. ఉద్యోగంలో చేరిన రెండో నెలలో నేను ఓకే చేసిన ఒక తెర మీద వరస మొదట్లో మారు ఒక్కటే ఒంటరిగా కూర్చుని ఉంది. పని అంతా బాగానే చేస్తోంది, ఏ బటన్ నొక్కితే అది జరుగుతోంది. నాకు అది లోపమనే తోచలేదు. క్లయింట్ వైపు నుంచి ఆ స్క్రీన్‌షాట్ మీద ఎర్ర గుండ్రం చుట్టి వచ్చింది. ఈ గుండ్రం మాత్రం మెచ్చుకోలు కాదు.

ఇంకోసారి తైవాన్ కోసం చేసిన తెరలో కామాలన్నీ గడి మూలకి జారిపోయాయని ఫిర్యాదు వచ్చింది. తైవాన్‌లో, హాంకాంగ్‌లో కామా, మారు గడి నడిబొడ్డున కూర్చుంటాయి. జపాన్‌లో, చైనాలో మూలకి. కంప్యూటర్‌కి మాత్రం అన్నిటికీ కోడ్ ఒకటే, చోటు నిర్ణయించేది ఫాంటు. మేం పొరపాటున జపనీస్ ఫాంటు తగిలించాం. చదవడానికి ఏ ఇబ్బందీ లేదు. కానీ తైవాన్ మనిషికి అది తన ఇంట్లో కుర్చీలన్నీ ఎవరో గోడకి జరిపినట్టు ఉంటుంది. ఒక మిల్లీమీటరు జరగడం పరాయితనం అవుతుందని నాకు ఆ రోజు తెలిసింది.

ఈ పట్టింపు మనకి ఎందుకు లేదు అన్నది నా బాధ. ప్రశ్న గుర్తు సంగతే తీసుకోండి. జపనీస్‌లో వాక్యం చివర 'క' వస్తే ప్రశ్న. అందుకే ప్రభుత్వ కాగితాల్లో, పద్ధతిగా రాసే చోట్ల 'క' తర్వాత మారు పెట్టి ఊరుకుంటారు. గొంతు పైకి లేపితే మాత్రమే ప్రశ్న అయ్యే మాటలకి, ముఖ్యంగా కథల్లో సంభాషణలకి, ప్రశ్న గుర్తు దాచుకుంటారు. తెలుగులో 'వస్తావా' అన్నప్పుడు ప్రశ్న ఆ దీర్ఘంలోనే ఉంది. 'ఎప్పుడొస్తావు' అన్నప్పుడు 'ఎప్పుడు'లో ఉంది. 'వాడొచ్చాడు?' అన్నప్పుడు మాత్రం గుర్తు తీస్తే ప్రశ్నే పోతుంది. నిజంగా పని ఉన్నది అక్కడ. మనం మూడు చోట్లా ఒకేలా పెడతాం. నేనూ పెడతాను, ఈ వ్యాసంలోనే ఎన్ని పెట్టానో చూడండి.

నాకు ఇంకా కంట్లో నలుసులా ఉండేది కథల్లో కనిపించే కామా. "రేపు వస్తాను," అని అన్నాడు. కొటేషన్ మూసే ముందు ఆ కామా ఏం చేస్తోంది? ఇంగ్లీషులో 'అని' లేదు కాబట్టి, మాట ఎక్కడ అయిందో తెలియాలి కాబట్టి వాళ్లకది కావాలి. మనకి 'అని' ఉంది. రెండు వేపులా పట్టే గట్టి గొళ్లెం అది. జపనీస్‌లో సరిగ్గా మన 'అని'లాంటిదే 'తొ' ఉంది. అక్కడ బళ్లో పిల్లలకి కొక్కెం మూసే ముందు మారు పెట్టమని నేర్పుతారు, పేపర్లూ నవలలూ వేసేవాళ్లు దాన్ని పీకేస్తారు. కొక్కెం ఉంది, 'తొ' ఉంది, ఇంకా మారు ఎందుకని. ఈ ఆలోచన మన దగ్గర ఎవరైనా కూర్చుని చేశారా?

పత్రికలో పనిచేసే ఒక మిత్రుడితో ఈ మాట అంటే కొట్టిపారేశాడు. "నీ సంబడం బాగానే ఉంది గానీ, అలవాటైన కామా తీసేస్తే పాఠకుడు అచ్చుతప్పు అనుకుంటాడు. నాకు రాత్రి పదకొండుకి పేజీ వెళ్లాలి." అతని మాటా కాదనలేను. జపాన్‌లోనూ ఈ గుర్తుల తగువు ముసాయిదాల దగ్గర తేలలేదు, జనం చేతిలో తేలింది. తెలుగులో కూడా చాట్‌లో పిల్లలు ఇప్పటికే సగం చుక్కలు వదిలేశారు. లైను మారిస్తే చుక్క, రెండు చుక్కలు పెడితే అలక, ఐదు పెడితే 'నీకే తెలుసు' అని. మనం నేర్పని నియమాలని వాళ్లే కుట్టించుకుంటున్నారు. నాకు వాటిలో సగం అర్థం కావు, అది వేరే సంగతి.

ఒసాకా కుర్రాడికి ఇప్పుడు మారు లేకుండానే రాస్తున్నాను. మొదట్లో చొక్కా గుండీ పెట్టుకోకుండా బయటికొచ్చినట్టుండేది, అలవాటైంది. సెన్సెయ్‌కి ఏటా నెన్‌గాజో పంపుతూనే ఉన్నాను, హైదరాబాద్ నుంచి జనవరి ఒకటికి చేరాలంటే డిసెంబరు మొదట్లోనే పోస్టు చేయాలి. వాక్యాల మధ్య ఖాళీలు వదిలి, నాలుగు లైన్లు. ఆవిడ దగ్గర నుంచి ఈసారి వచ్చిన కార్డు అచ్చు వేయించింది కాదు, బ్రష్‌తో రాసింది. అక్షరాలు కొంచెం వణికాయి. వయసు మీద పడిందనీ, వచ్చే ఏడాది నుంచి అందరికీ ఈ కార్డులు రాయడం మానుకుంటున్నాననీ రాసింది. ఈమధ్య జపాన్‌లో చాలామంది పెద్దవాళ్లు ఇలా చివరి కార్డు అని చెప్పి ఆపేస్తున్నారు. కార్డు రెండుసార్లు చదివాను. ఆ వాక్యం చివర కూడా మారు లేదు